ఎర్రగడ్డ ముద్ర

ఇమ్రాన్ ఆ పెట్టె తెచ్చి మా భోజనాల బల్ల మీద పెట్టి మూడు వారాలయింది. ఈ మూడు వారాల్లో నేను కుదురుగా ఒకచోట కూర్చుని నాలుగు ముద్దలు తిన్నది లేదు. కంచం ముందు కూర్చుంటాను, లేచి బాల్కనీలోకి వెళ్తాను, మధురానగర్ సందులో ఆటోల వరస చూస్తాను, మళ్ళీ వచ్చి పెట్టె మూత తీస్తాను. పాత ఫోటో కాగితాల పెట్టె అది. లోపల నల్ల కాగితం, ఆ కాగితం మడతలో రెండు వందల దాకా కార్డులు. ఇమ్రాన్ వాళ్ళ తాత ఖాజా చాచా మా చిన్నప్పుడు అమీర్‌పేటలో ఫోటో స్టూడియో నడిపేవాడు. ఇప్పుడదే మడిగెలో ఇమ్రాన్ కోచింగ్ పిల్లలకు పాస్‌పోర్ట్ ఫోటోలు, జిరాక్స్, లామినేషన్ చేసిపెడుతున్నాడు. పంజాగుట్టలో కాస్త పెద్ద దుకాణం తీసుకున్నాడట, ఈ బొమ్మలను పెద్దవి చేయించి దాని గోడల నిండా పెట్టాలని కోరిక. "ఏ బొమ్మ ఏ జాగదో మీరే చెప్పాలె ఆంటీ, మా అబ్బాకు సగం యాదికి లేవు" అన్నాడు. అంతటితో ఊరుకుంటే నా ప్రాణం హాయిగా ఉండేది. వెళ్ళబోతూ చొక్కా జేబులోంచి ఇంకో మూడు కార్డులు తీశాడు. "గీ మూడు దాదా అలగ్ దాచిపెట్టుకున్నడు. తెలుగుల రాసున్నయి. నాకు చెయ్యిరాత చదవరాదు. జర చదివి చెప్పుండ్రి, ఫికర్ లేదు, నిమ్మళంగనే" అని నా చేతిలో పెట్టాడు. ఆ మూడు కార్డుల మీదిదీ నా రాతే.

ముందు బొమ్మల సంగతి చెప్తాను. వాటి గురించి చెప్పడం నాకు సులువు. ఒక దాంట్లో అమీర్‌పేట రోడ్డు ఉంది. రెండు పక్కలా చింతచెట్లు, మధ్యలో ఒకే ఒక్క బస్సు, దాని వెనకాల నింపాదిగా నడిచి వస్తున్న గేదె. ఇప్పుడు అక్కడ మెట్రో మెట్ల కింద నిలబడితే మన పక్కన నిలబడినవాడి మాట మనకు వినపడదు. ఇంకో దాంట్లో టాంగాల అడ్డా, గుర్రాలు నీళ్ళు తాగే రాతి తొట్టి. ఇంకోటి పంజాగుట్ట. అప్పుడది పేరుకు తగ్గట్టు గుట్టే, బండల మీద మేకలు మేస్తున్నాయి. జొన్న చేను మీదుగా బేగంపేటలో దిగబోతున్న విమానం బొమ్మ కోసం చాచా పది రోజులు అదే గట్టు మీద కాచుక్కూర్చున్నాడు, ఆ మాట ఆయన ఎంతమందికి చెప్పుకున్నాడో లెక్కే లేదు. మాది అప్పుడు పట్నం కాదు. పట్నానికి పోవడమంటే తల దువ్వుకుని చెప్పులు తుడుచుకుని బస్సెక్కడమే. ఎవరింట్లో ఏ కూర తాలింపు వేస్తున్నారో సందు చివరిదాకా తెలిసే చిన్న ఊరు మాది.

సందులో నాలుగో ఇల్లు మాది. నాన్న సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ పనికి వెళ్ళేవాడు. పొద్దున సైరన్ కూతకు అమ్మ జొన్నరొట్టె కొట్టడం మొదలుపెట్టేది, రెండో కూతకు ఆపేది. రొట్టె మాడే వాసన, కిరోసిన్ పొయ్యి వాసన, వాకిట్లో తడిసిన మట్టి వాసన కలిసి నాకు ఇప్పటికీ పొద్దు అంటే అదే. వీధివైపు గదిని అమ్మ కిరాయికిచ్చేది. దాంట్లో దిగేవాళ్ళు ఏడాదికి ఉండేవాళ్ళు కాదు, నెలకో రెండు నెలలకో ఉండేవాళ్ళు. అందరూ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే, అందరూ పొద్దున్నే టిఫిన్ డబ్బా తువ్వాలలో కట్టుకుని ఒకే దిక్కుకు నడిచేవాళ్ళు. ఎర్రగడ్డలో పెద్దాసుపత్రి ఉంది కదా, మనసు చెదిరినవాళ్ళకు వైద్యం చేసేది, వాళ్ళంతా అందులో ఉన్నవాళ్ళ కోసం వచ్చినవాళ్ళు. ఎవరిని చూడటానికి వచ్చారు, ఆయనకేమయింది అని మా అమ్మ ఒక్కరోజు అడిగిన పాపాన పోలేదు. "ఎన్నొద్దులుంటరు? నీళ్ళు పొద్దుగాల్నే పట్టుకోవాలె" అంతే ఆమె అడిగేది. మా సందులో అందరూ అంతే. మేం పిల్లలం ఏదైనా నోరు జారితే నెత్తి మీద మొట్టికాయ పడేది.

ఖాజా చాచా స్టూడియో బస్టాపు ఎదురుగా ఉండేది. లోపలికి పోతే ఫోటోలు కడిగే హైపో మందు వాసన ముక్కు పొడిచేది, దాని వెనకాల ఆయన రాసుకునే అత్తరు వాసన నెమ్మదిగా తగిలేది. తాడుకు క్లిప్పులతో తడి ఫోటోలు వేలాడుతూ ఉండేవి. వెనకవైపు చిరునామా గీతలు అచ్చేసిన ఫోటో కాగితం ఆయన ఆబిడ్స్ నుంచి తెచ్చేవాడు, మా ఊరి బొమ్మలు దాని మీదే వేసేవాడు. వాటిని కొనేది ఎక్కువగా మా కిరాయి గదిలాంటి గదుల్లో దిగినవాళ్ళే. ఎందుకంటే ఊళ్ళో చెప్పి వచ్చిన మాట వేరు. ఉద్యోగమనో, కంటి ఆపరేషన్ అనో, చుట్టాల ఇల్లు అనో చెప్పి వస్తారు. మరి ఆ మాటకు ఒక సాక్ష్యం కావాలి కదా? చింతచెట్ల రోడ్డు బొమ్మ పోతే సరిపోతుంది. ముఖ్యమైంది బొమ్మ కాదు, ముద్ర. ఎర్రగడ్డ డబ్బాలో వేస్తే ఎర్రగడ్డ పోస్టాఫీసు ముద్ర పడుతుంది. ఆ పేరు చదివితే చాలు, ఏ ఊళ్ళో అయినా ఇంకో ప్రశ్న అడగరు. అందుకని కార్డులన్నీ చాచాకే ఇచ్చేవాళ్ళు. ఆయన సాయంత్రం దుకాణం కట్టేముందు సైకిల్ మీద పోయి తన చేత్తో అమీర్‌పేట పోస్టాఫీసు డబ్బాలో వేసి వచ్చేవాడు. ఎవరికీ ఒట్టు వేసి చెప్పలేదు, బోర్డు రాసి పెట్టలేదు, అయినా ఖాజా భాయ్ చేతికి ఇచ్చామంటే ఆ కార్డు సంగతి మరిచిపోవచ్చని అందరికీ తెలుసు. ఎర్రగడ్డ బొమ్మ ఆయన ఒక్కటి కూడా తీయలేదు. ఈ రెండు వందల్లో వెతికాను, లేదు.

నర్సవ్వ మా గదిలోకి వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. ఆమెకు ముప్పయి లోపే ఉంటాయి. సిద్దిపేట దిక్కు ఊరు. బొడ్లో పొగాకు సంచి, నవ్వితే ఇల్లంతా వినపడే గొంతు. వాళ్ళ తమ్ముడు సాయన్న ఊరి బడిలో పంతులు. ఒకరోజు బళ్ళో పాఠం చెప్తూ చెప్తూ ఆగిపోయి, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట, ఆ తర్వాత మాట్లాడటం ఆపలేదట. నర్సవ్వ ఎవరినీ అడగకుండా తమ్ముణ్ణి బండెక్కించి తెచ్చేసింది. పంతులు ట్రైనింగుకు పోయాడని ఊళ్ళో చెప్పింది. వాళ్ళ నాయనకు చదువు రాదు. ఆ ఊళ్ళో చదువురానివాళ్ళ కార్డులన్నీ బడికే పోతాయి, పెద్దసారు చదివి వినిపిస్తాడు. అంటే ముద్ర చూసేది పెద్దసారే. "పంతులంటే మా ఊళ్ళె దేవుని లెక్క బిడ్డా. ఈడున్నడని తెలిస్తె మల్ల బడి మెట్లెక్కనిస్తరా?" అనేది నాతో. ఆమెకు రాయడం రాదు, అందుకని కార్డులు నేనే రాసేదాన్ని. "తమ్ముని ట్రైనింగ్ మంచిగ నడుస్తున్నది. ఈడ వానలు పడ్డయి. పిల్లలకు ఎక్కాలు మరిచిపోవద్దని చెప్పమన్నడు." అబద్ధం రాస్తున్నానన్న భయం నాకు ఏ కోశానా లేదు, పెద్దవాళ్ళ రహస్యంలో నాకూ ఒక పీట వేశారని గర్వంగా ఉండేది. ఆమె ఖాజా చాచాను అన్న అని పిలిచేది. కార్డు ఆయన చేతికిచ్చేటప్పుడు రెండు చేతులతో ఇచ్చేది.

ఒకసారి చాచాకు జ్వరం వచ్చింది. స్టూడియోలోనే చాప మీద ముసుగు పెట్టి పడుకున్నాడు. నేను బడి నుంచి వస్తుంటే పిలిచాడు. "బేటీ, బుఖార్ మస్తున్నది, లేవలేకపోతున్న. నర్సవ్వ కార్డు ఇది. మన డబ్బాలనే ఎయ్యి, మరిచిపోకు." సరేనని తీసుకుని లెక్కల పుస్తకంలో పెట్టుకున్నాను. పెట్టుకుని మరిచిపోయాను. దాని గురించి చెప్పడానికి ఇంతకంటే ఏమీ లేదు. ఆ సాయంత్రం ఆటకు పోయాను, మర్నాడు ఇంకేదో, ఆ మర్నాడు ఇంకేదో. ఆదివారం అమ్మ నన్ను ఎర్రగడ్డ అంగడికి తీసుకుపోయింది. కూరగాయలకని పట్టుకున్న నా బడి సంచిలో ఆ పుస్తకం ఉంది. అమ్మ వంకాయలు బేరమాడుతుంటే కార్డు గుర్తొచ్చింది. అంగడి మూల స్తంభానికి ఎర్ర డబ్బా. నాకు తెలియక కాదు, బాగా తెలుసు. కానీ చాచా రేపు లేచి 'వేసినవా' అని అడిగితే ఏం చెప్పాలి అన్న ఒక్క భయమే నాకు ఆ క్షణంలో పెద్దది. మళ్ళీ ఇంటికి పోయి, మళ్ళీ పోస్టాఫీసుకు పోయి... చెయ్యి దానంతటదే పోయింది. కార్డు డబ్బాలో పడిన చప్పుడు కూడా వినపడలేదు. మర్నాడు చాచా అడిగాడు. "వేసిన చాచా" అన్నాను. అబద్ధం కాదు కదా!

తర్వాత పదిహేను రోజులకు సాయన్న పంతులును ఇంటికి పంపించేశారు, నయమయిందని. ఆ రోజు ఆయన మా ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. సన్నగా, శుభ్రంగా గీసిన గడ్డంతో, కాస్త నెమ్మదిగా మాట్లాడుతూ. నా రాత పుస్తకం తెమ్మని, చూసి, "మా బళ్ళె ఇంత గుండ్రంగ రాసే పిల్ల లేదు" అన్నాడు. నేను పుస్తకం తీసుకుని లోపలికి పోయాను. బస్సు ఎక్కేముందు ఆయన స్టూడియోకు పోయి ముప్పై కార్డులు కొన్నాడు, బడిలో ఒక్కో పిల్లకు ఒక్కోటి ఇస్తాడట. విమానం బొమ్మే ఎక్కువ తీసుకున్నాడు. చాచా ఆయనను కౌగిలించుకున్నాడు, నర్సవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ ముప్పై కార్డులు కాగితంలో చుట్టి చంకలో పెట్టుకుని ఆయన బస్సెక్కుతుంటే నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ క్షణంలోనైనా నోరు తెరిచి ఉంటే, ఆ ఊళ్ళో తెలిసిపోయి ఉండవచ్చని ఒక్క మాట చెప్పి ఉంటే, వాళ్ళు కనీసం ఎదురుకాబోయేదేమిటో తెలిసి వెళ్ళేవాళ్ళు.

వెళ్ళినవాళ్ళ నుంచి కబురు లేదు. రెండు నెలలు చూసి చాచా నన్ను పిలిచాడు. ఆయనకు ఉర్దూ తప్ప వేరే రాత రాదు. ఆయన చెప్తుంటే నేను రాశాను: చెల్లె, మంచిగ చేరుకున్నరా, సాయన్న ఎట్లున్నడు. కొన్నాళ్ళకు రెండోది. ఆ ఏడు రంజాన్ ముందర మూడోది. అది రాసేటప్పుడు ఆయన నా వైపు కాక గోడ వైపు చూస్తూ చెప్పాడు. "జవాబు లేదు. ఫికర్ అయితున్నది. నా దిక్కుకెల్లి ఏమన్న తప్పు జరిగితే మాఫ్ చెయ్యి చెల్లె." నేను ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా గుండ్రంగా రాశాను. నా చేతితోనే రాసి, నా నోటితో ఒక్క ముక్క చెప్పలేదు. కార్డు ఎర్రగడ్డలో వేసినందుకు చిన్నదాన్ని అని నన్ను నేను వదిలేయగలను. ఈ మూడో కార్డుకు మాత్రం ఏ సాకూ దొరకడం లేదు. జవాబు రాలేదని మాత్రమే అప్పుడు నాకు తెలుసు. అవి వాపసు వచ్చాయని ఆయన నాకు చెప్పలేదు. ఈ మూడు వారాల్లోనే చూశాను, మూడింటి మీదా నీలి పెన్సిలుతో పోస్టుమాన్ రాసిన మాట: నిరాకరించినారు. ఖాజా భాయ్ కార్డని పోస్టుమాన్ చెప్పి ఉంటాడు, నర్సవ్వ వద్దంది.

ఎందుకు వద్దందో తెలుసుకోవడానికి నాకు పెద్ద తెలివి అవసరం లేకపోయింది. కార్డు ఆమె ఎవరి చేతికిచ్చింది? ఖాజా భాయ్ చేతికి. ముద్ర ఎక్కడిది పడింది? ఎర్రగడ్డది. అంతే.

అమీర్‌పేట నడిబొడ్డున ఈ మధ్య నేను ఊరికే తిరుగుతున్నాను, ఇంట్లో కాలు నిలవడం లేదు. మా ఇల్లు ఉన్న చోట ఐదంతస్తుల ఆడపిల్లల హాస్టల్ ఉంది, ఏ ఊరి పిల్ల ఏ బల్ల దగ్గర కూర్చుందో వాళ్ళ అమ్మానాన్నలకు ఫోనే చెప్పేస్తుంది. ముద్రల కాలం పోయింది, ఎవరూ ఎక్కడున్నారో దాచలేరు అనుకుంటాం. మా అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు అమ్మాయి వారం వారం పంజాగుట్టలో మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తుంది. లిఫ్టులో నన్ను చూస్తే "పళ్ళ డాక్టర్ దగ్గరికి ఆంటీ" అంటుంది. చేతిలో మందుల చీటీ నాకు కనపడుతూనే ఉంటుంది. ఆ పిల్లకు మా అమ్మలాంటి మనుషులు చుట్టూ ఉన్నారా అంటే నాకు అనుమానమే. మేం అడగకపోవడంలో ఒక మర్యాద ఉండేది. ఇప్పుడు అడగకపోవడంలో తీరిక లేకపోవడం తప్ప ఏమీ లేదు. అలాగని ఆ కాలాన్ని నెత్తికెత్తుకోవడం నాకు చేతకాదు. పంతులు జబ్బుపడ్డాడని తెలిస్తే బడి తలుపు వేసే ఊళ్ళు కూడా ఆ కాలంలోవే. ఆ భయమే లేకపోతే నా మరుపు ఒట్టి మరుపుగానే మిగిలిపోయేది.

చివరికి ఇమ్రాన్ దగ్గరికి పోయి చెప్పాను. జిరాక్స్ మిషన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ముగ్గురు పిల్లలు హాల్ టికెట్లు ప్రింట్ తీయించుకుని పోయేదాకా ఆగి, మొత్తం చెప్పాను. అతను మిషన్ స్విచ్ ఆపేశాడు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "దాదా పోయేముందు సుత అడిగిండు ఆంటీ. 'నా చెల్లెకు నేనేం చేసిన్నో తెల్వదు' అనుకుంటనే పోయిండు. మా అబ్బా అయితే ఆమెనే మంచిది కాదేమో అనుకున్నడు." నేను తల వంచుకున్నాను. నన్ను తిట్టినా బాగుండేది. అతను మాత్రం కార్డు మీద చిరునామా నాతో చదివించుకుని ఫోన్‌లో రాసుకున్నాడు. "ఉన్నదో లేదో చూద్దాం. మా దుకాణానికి సిద్దిపేట పిల్లలు మస్తుమంది వస్తరు" అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత, నిన్న మధ్యాహ్నం, రమ్మని ఫోన్ చేశాడు. నర్సవ్వ ఉంది. ఎనభై అయిదు దాటాయి, చెవులు సరిగా వినపడవు, కొడుకు దగ్గర అదే ఊళ్ళో ఉంది. ఇమ్రాన్ ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. ముందు కొడుకు మాట్లాడాడు. సాయన్న మామ పోయి పదేళ్ళయిందని చెప్పాడు. "బళ్ళెకు రానియ్యలేదంట మేడం. తెచ్చిన బొమ్మలు సుత పంచనియ్యలేదంట. నిజామాబాద్ పోయి బట్టల దుకాణంల పన్జేసిండు. మంచిగనే బతికిండు గని, మల్ల పాఠం మాత్రం చెప్పలే." నేను నా పేరు చెప్పి, కార్డు సంగతి చెప్పాను. ఆమెకు వినపడలేదు. "ఏమంటున్నది?" అంటోంది వెనక నుంచి. అప్పుడు కొడుకు నా మాటను ఆమె చెవి దగ్గర గట్టిగా చెప్పాడు, నేను చుట్టూ తిప్పి చెప్పినదాన్ని రెండు ముక్కల్లో. "అమ్మా, ఆ కార్డు ఖాజా భాయ్ ఎయ్యలేదంట. కార్డులు రాసే పొల్ల లేదా, ఆమెనే ఏసిందంట ఎర్రగడ్డల. ఖాజా భాయ్‌కి తెల్వనే తెల్వదంట!"

పైన మెట్రో బండి పోయింది, దుకాణం అద్దం అదిరింది. తర్వాత ఆ గొంతు, సన్నబడింది గానీ అదే గొంతు. "ఖాజన్న ఉన్నడా?"

ఇమ్రాన్ ఫోన్ తీసుకుని స్పీకర్ ఆపి చెవికి పెట్టుకున్నాడు. "లేడు అమ్మమ్మా. నేను ఆయన మనుమణ్ణి... మస్తు ఏండ్లాయె... యాది చేసుకుండు, ఎప్పుడు యాది చేసుకునేటోడు... ఏడ్వకు అమ్మమ్మా. గట్లనకు. నీకేం ఎరుక..." అతను మాట్లాడుతూ మాట్లాడుతూ గుమ్మం దాకా పోయి నా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. పావుగంట అలాగే ఉన్నాడు. తర్వాత నాకు ఫోన్ ఇస్తాడని లేచి నిలబడి చెయ్యి చాచాను. అతను ఫోన్ కట్ చేసి జేబులో పెట్టుకున్నాడు.

"ఏమంది?" అన్నాను.

"దాదా కబర్ కాడికి తీస్కపొమ్మన్నది. వచ్చే వారం కొడుకుతోటి వస్తదంట. నడవలేదంట గని, వస్తనన్నది."

"నా గురించి?"

ఇమ్రాన్ ఆ మూడు కార్డులు తీసి చొక్కా జేబులో పెట్టుకుంటున్నాడు. నా ముఖం చూడలేదు.

"మీ గురించి ఏమనలే ఆంటీ."